కాలవలో దిగని కుక్క

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు. ఉద్యోగం లేని ఇరవై రెండేళ్లవాడికి ఇంటిల్లిపాదీ ఏదో ఒక పని చెబుతూనే ఉంటారు. నగరం అనే పల్లెటూళ్లో వ్యవసాయం చేసుకునే మా మావయ్య చెప్పిన పని, కుక్కకి వేట నేర్పడం. ఆయన వయసులో ఉండగా అడవులదీవి వైపు మడుగుల్లో నీటిబాతుల్ని కొట్టినవాడు. తర్వాత అది నేరమైంది, తుపాకీ స్టేషన్లో అప్పజెప్పేశాడు. పైగా గుండె సగమే పనిచేస్తోందని తెనాలిలో డాక్టరు తేల్చేశాడు. ఆ రోజే తిరుగుదారిలో మావయ్య ఒక లాబ్రడార్‌ని కొనుక్కొచ్చాడు (మందులు మర్చిపోయాడు). "పిట్టని కొట్టొద్దులేరా. నీళ్లలో పడేసింది కరుచుకొచ్చి ముందు పెట్టాలి. అదొక్కటి చూస్తే చాలు నాకు," అన్నాడు.

పాత పంచె ముక్క మూట కట్టి, బాతు ఈకలు గుచ్చి, రోజూ పొద్దున్నే కాలవలోకి విసిరేవాణ్ణి. రాజా (పేరు మాత్రం ఘనంగా పెట్టాం) గట్టు మీద కూర్చుని, మూట కొట్టుకుపోవడం శ్రద్ధగా చూసేది. బతిమాలి, తిట్టి, చివరికి లుంగీ ఎగ్గట్టి నేనే దిగి తెచ్చి మావయ్య కాళ్ల దగ్గర పెట్టేవాణ్ణి. కుర్చీలో ఆయాసపడుతూ ఆయన, "నువ్వు బాగానే నేర్చుకున్నావు అల్లుడూ. కుక్క సంగతి చూడు," అనేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గొస్తే అత్తయ్య నన్ను తిట్టేది. ఆయనకి ఎక్కువ రోజుల్లేవని మా ముగ్గురికీ తెలుసు. నాలుగు నెలలకి మావయ్య పోయాడు. రాజా అప్పటికీ కాలు తడుపుకోలేదు.

వాళ్లకి పిల్లల్లేరు గనక కర్మ నాచేతే చేయించారు. అస్థికలు తెల్లగుడ్డలో మూట కట్టి రేపల్లె దగ్గర కృష్ణకి తీసుకెళ్లాం. ఇంట్లో ఒంటరిగా ఏడుస్తుందని అత్తయ్య రాజాని కూడా ఆటో ఎక్కించింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పంతులుగారు చెప్పినట్టే మూట వదిలాను. అది వెంటనే మునగలేదు. వెనక ధబ్బుమని చప్పుడైంది. రాజా ఈదుకుంటూ వెళ్లి, మూటని పన్ను తగలకుండా పట్టుకొచ్చి అత్తయ్య పాదాల దగ్గర పెట్టి కూర్చుంది.

పంతులుగారు గొంతు సవరించుకుని, "కుక్కని పట్టుకోండి బాబూ, ఇంకోసారి వదులుదాం," అన్నారు.

"నాలుగు నెల్లు ఎదురుచూశారు కదరా మీ మావయ్య," అంది అత్తయ్య. నవ్వబోయి, ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది.

రెండోసారి మూట ఆవిడే వదిలింది (పంతులుగారు కాదనలేదు). నేను రాజాని రెండు చేతులా వాటేసుకుని, మూట పూర్తిగా మునిగేదాకా వదల్లేదు. అది మూలుగుతూ నన్ను నీళ్లలోకి లాగుతూనే ఉంది. మంచిపని చేశావన్నారు అందరూ. తడి పంచెతో కుక్కతో కుస్తీ పట్టిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంకొక్కసారి తేనిస్తే ఏం పోయేదిరా అని వాణ్ణి అడగాలనిపిస్తుంది.