రెండు సందులు

మొన్న ఆదివారం మా మనవరాలికి ఎవరో చెక్కముక్కల బొమ్మ ఒకటి కానుకగా ఇచ్చారు. జిగురూ మేకులూ ఏమీ లేకుండా ఒక పలకలోని గాడిలో ఇంకో పలకను అడ్డంగా దూర్చుతూ పోతే చివరికి ఒక జంతువై నిలబడే రకం. ఆ పిల్ల నేల మీద కూర్చుని పక్కటెముకలను వెన్నుపలకలోకి నొక్కుతుండగా, ఒక పలక కొంచెం వదులుగా ఉండి తలుపు రెక్కలా ఇటూ అటూ తిరిగింది, అంతే, వేలు తియ్యమని నేను వేసిన కేకకు ఇంట్లోవాళ్లందరూ పరుగెత్తుకొచ్చారు. అరచేతిలో పట్టే బొమ్మ అది, ఎవరి వేలినీ ఏమీ చెయ్యలేదు. ఆ భయం ఎక్కడిదో వాళ్లకు చెప్పలేకపోయాను కానీ, నా ఈడువాళ్లు అర్థం చేసుకుంటారన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

పదిహేనేండ్ల కింద, పిల్లలు పెద్ద తరగతులకు వచ్చాక, ఎప్పుడో చదివిన మెకానికల్ డిప్లొమాకు పట్టిన దుమ్ము దులిపి, సిద్దిపేటలో మా మేనమామ నడిపే రేకుల షాపులో డ్రాయింగులు గీసే పనికి చేరాను. అంతవరకు గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు మడ్‌గార్డులు చేసే ఆ షాపులోకి అప్పుడే ప్లాస్మా కోత యంత్రం వచ్చింది. గాలినీ కరెంటునూ కలిపి ఇనుమును నీటిలా కరిగించి ఎగరగొట్టే ఆ నీలిమంట వెలిగితే మొదటి నెల నేను గోడవారకు జరిగేదాన్ని. యంత్రం నడిపేది మామ దగ్గర పాతికేండ్లుగా పనిచేస్తున్న, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన. నల్లద్దాలు నా చేతిలో పెట్టి, మంటకు భయపడకు బేటీ, లెక్కకు భయపడు అనేవారు. పెద్దవారు ఊరికే అంటారులే అనుకున్నాను.

నంగునూరు వైపు ఒక ఊరి బడి నుంచి పెద్ద మేడం ఒకరు అలాంటి చెక్క ఎద్దు బొమ్మను పట్టుకొచ్చి, బడి ఆవరణలో పిల్లలు చుట్టూ చేరి ఆడుకునేంత పెద్దగా ఇనుప రేకుతో చేసివ్వాలన్నారు. మా అక్క బిడ్డ ఆ బడిలోనే ఒకటో తరగతి చదువుతుండేది కాబట్టి నాకు ఉత్సాహం రెట్టింపైంది. పని చూడడానికి తేలిక, కానీ కాదు. బొమ్మను ఏడింతలు పెంచితే గాడులు కూడా ఏడింతలై ఇరవై ఒక్క మిల్లీమీటర్ల వెడల్పు అవుతాయి, మా రేకు మందం మాత్రం మూడు పాయింట్ ఒకటి. అందువల్ల ఆకారాన్ని పెంచి, ఉన్న గాడులన్నీ చెరిపి, ఇరవై రెండు గాడులనూ కొత్తగా గీశాను. పలక దూరడానికి పాయింట్ మూడు వదులు కలిపి, ఒక్కొక్క గాడి మూడు పాయింట్ నాలుగు. ఇక మిగిలింది మంట వెడల్పు. అది తన దారిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనుమును తినేస్తుంది కనుక, గీత మీద కాకుండా గాడి లోపలికి ముప్పావు మిల్లీమీటరు జరిపి నడపాలి. ఆ జరుపుడు యంత్రంలో పెట్టడం చాచా పని, డ్రాయింగులోనే ఇచ్చేస్తే పెట్టనక్కరలేదు.

కోత మొదలుపెట్టే ముందు చాచా అడిగారు. "సందు ఇచ్చినవా బేటీ?"

"ఇచ్చిన చాచా."

అంతే మా మధ్య జరిగిన మాట.

పలకలు కోసి, గరుకు రుద్ది, వెన్నుపలకకు వెనుక కాళ్ల పలకను షాపులోనే తొడిగి చూశాం. సుత్తె ముట్టకుండానే దిగిపోయింది. మామ మీసం దువ్వుకుంటూ, "శెభాష్ బిడ్డా, మా చేతులకు పని లేకుండ జేసినవ్" అన్నాడు. చాచా మాత్రం తల పక్కకు వంచి, "గిది ఎద్దా, గాడిదా? కొమ్ములు పెట్టినంక జెప్తా" అని అందరినీ నవ్వించారు. శనివారం నాడు వాళ్లిద్దరూ దాన్ని ట్రాలీలో తీసుకుపోయి, బడి ఆవరణలో నిలబెట్టి వచ్చారు.

సోమవారం పొద్దున షాపులో మూల ఊడుస్తుంటే, అంచు వంకరపోయిందని పక్కన పడేసిన పలక ఒకటి కాలికి తగిలింది. ఊరికే, చేతికందిన రేకు ముక్కను దాని గాడిలో దూర్చాను. ముక్క నిలబడలేదు, తలుపులా తిరిగింది. సన్నటి కొలతలు చూసే వెర్నియర్ పెట్టి చూస్తే గాడి వెడల్పు నాలుగు పాయింట్ తొమ్మిది. మూడు పాయింట్ నాలుగుకు ఒకటిన్నర కలిపితే వచ్చే అంకె అదే. మంటను ఎవరూ జరపలేదు. నేను ఇచ్చానన్న సందు పలకలు దూరడానికి, చాచా అడిగిన సందు మంట తినేదానికి. అదే పలకల డ్రాయింగు కాగితం వెనుక లెక్క వేశాను: సరైన గాడిలో పలక ఐదు డిగ్రీలు తిరుగుతుంది, ఈ గాడిలో ఇరవై ఐదు. పన్నెండు కిలోల ఇనుప పలక, రెండో పలక మూలలో, కత్తెర రెక్కలా. ఆ మూలలో పట్టేంత సన్నటి వేళ్లు ఎవరివో ఆలోచించగానే చీపురు అక్కడే పడేసి ఫోను అందుకున్నాను.

మామ ఫోను ఎత్తలేదు, చాచా ఇంకా పనికి రాలేదు, బడి నంబరు నా దగ్గర లేదు. దొరికిన ఆటో ఎక్కాను. ఆ అరగంట దారిలో నేను చూసిన చెట్టూ పుట్టా ఒక్కటీ గుర్తు లేదు; చేతిలోని వెర్నియర్‌ను తెరుస్తూ మూస్తూ కూర్చున్నానని మాత్రం గుర్తుంది.

బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి, పిల్లలు ఎద్దు చుట్టూ మూగి ఉన్నారు. అక్క బిడ్డ వెనుక కాలు పక్కన కూర్చుని, కాలి పలకకూ కడుపు పలకకూ మధ్య మూలలో చెయ్యి పెట్టి, నన్ను చూడగానే ముఖమంతా వెలిగించుకుని అరిచింది. "చిన్నమ్మా, ఎద్దు కాలు కదుపుతది సూడు!"

అటువైపు నలుగురు పిల్లలు ఆ పలకను తొయ్యడానికి చేతులు ఆనించి ఉన్నారు. అరిస్తే ఉలిక్కిపడి తోస్తారేమోనని అరవలేదు. పరుగెత్తితే వాళ్లూ నా వెంట కదులుతారేమోనని పరుగెత్తలేదు. ఇరవై అడుగులు నడిచాను, జీవితంలో అంత దూరం ఎన్నడూ నడవలేదు. వంగి, పాప చేతి పక్క నుంచి నా చేతిని మూలలోకి దూర్చి, దాని చేతిని బయటకు తోశాను. సరిగ్గా అప్పుడే పిల్లలు తోశారు. నా చూపుడు వేలి గోరు నల్లబడి, నెల తరువాత ఊడిపోయింది.

మధ్యాహ్నానికి మామా చాచా వెల్డింగు సామాను తెచ్చి, పిల్లలను తరగతుల్లో కూర్చోబెట్టించి, ఇరవై రెండు గాడుల దగ్గరా పలకలు కదలకుండా ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు అతికారు. పని ముగిశాక చాచా ముసుగు ఎత్తి, "నీ సందు అలగ్, నా సందు అలగ్. ఇద్దరం ఒక్కటే అనుకున్నం" అన్నారు. పెద్ద మేడం వచ్చి ఈ పట్టీలెందుకని అడిగినప్పుడు, గాలికి ఊగకుండా ఇంకొంచెం గట్టి చేస్తున్నామని నా నోటి నుంచే వచ్చింది. ఆమె నా కట్టుకట్టిన చేతిని పట్టుకుని, మా పిల్లల మీద మీకెంత శ్రద్ధ అన్నారు. మూలలో ఇరుక్కున్న వేలికంటే, ఆ మాట నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. అబద్ధం అంత తేలికగా దిగిందే అన్న భయం చాలా రోజులు నన్ను వదలలేదు.

ఆ తరువాత చాచా ఉన్నన్నాళ్లూ ప్రతి డ్రాయింగుకూ నన్ను రెండు మార్లు అడిగేవారు: కోత సందు ఎంత, కూర్పు సందు ఎంత. రెండింటికీ అంకె చెప్పేదాకా మంట వెలిగించేవారు కాదు. కొన్నిసార్లు నాకు విసుగనిపించేది కూడా.

అక్క బిడ్డ ఇప్పుడు ఇంజనీరింగు చదువుతోంది. పోయిన నెల వచ్చినప్పుడు, గాడులతో నిలబడాల్సిన మా బడి ఎద్దుకు వెల్డింగు ఎందుకున్నది చిన్నమ్మా అని అడిగింది. ఇన్నేండ్లకు మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పాను. అది తన కుడిచేతి వేళ్లను చాచి చూసుకుంది. మేడం ఉద్యోగ విరమణ చేసి ఎక్కడున్నారో కనుక్కుని ఆమెకూ నిజం చెబుదామని చివరికి అదే అన్నది.

చాచా పోయి నాలుగేండ్లయింది. కొత్త యంత్రం తెర మీద ఒక గడి వస్తుంది, అందులో మంట వెడల్పు అంకె వేస్తే చాలు, మిగతాదంతా అదే సరిచేసుకుంటుంది. తప్పులు నిజంగానే తగ్గాయి. కానీ ఆ గడిలో అంకె వేసి చెయ్యి తీసేటప్పుడు, నిజమేనా అని నా ముఖం చూసేవాళ్లు లేక, ఇప్పటికీ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తాను.