ఖాళీ కుర్చీల ముందు హాజరు

మా మాస్టారు పోయారని పంచాయతీ అటెండరు ఫోన్ చేశాడు. నేను ద్రాక్షారామం రోడ్డు మీద ఎరువుల కొట్లో ఉన్నాను. "మొన్నటి మీటింగు పుస్తకం ఇంకా ఆయన బల్ల మీదే ఉందండి. మీ సంతకానికి ఇంటికి తెమ్మంటారా?" అని కూడా అడిగాడు.

మాస్టారు మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. రిటైరయ్యాక, సర్పంచ్ పదవి ఎస్సీలకి రిజర్వయినప్పుడు వాళ్ళ పేట నుంచి నిలబడి గెలిచారు. ఆయన దగ్గర చదువుకున్న నేను రైతుల వీధి నుంచి వార్డు మెంబరునయ్యాను.

ఎనిమిదో తరగతిలో ఆయన సిలబస్‌లో లేని పాఠం ఒకటి చెప్పారు. అమెరికాలో నల్లజాతివాళ్ళు బస్సులో సీటు కోసం, ఓటు కోసం కొట్లాడిన సంగతి పుస్తకంలో ఉంది. "ఆ తరవాత ఏమైందిరా?" అని సుద్దముక్క పక్కన పెట్టి ఆయనే చెప్పుకుపోయారు. కొన్ని పెద్ద నగరాలకి వాళ్ళు మేయర్లయ్యారట. కానీ తెల్లవాళ్ళు ఇళ్ళు అమ్ముకుని శివార్లకి పోయారట. కొట్లూ పన్నులూ వాళ్ళ వెనకే పోయాయి. "కుర్చీ ఇచ్చి గది ఖాళీ చేశార్రా. అయినా ఆ కుర్చీలో కూర్చునే వాళ్ళు ఊరి చెత్త ఎత్తించారు, రోడ్లు వేయించారు" అన్నారు. నేను ముందు బెంచీలోంచి లేచి "అన్యాయం సార్!" అని అరిచాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఈ మాట మర్చిపోకురా అబ్బాయ్" అన్నారు.

శుభ్రంగా మర్చిపోయాను. మేమెవరమూ ఇళ్ళు అమ్ముకోలేదు లెండి, అంత కష్టం దేనికి? మాస్టారు సర్పంచయ్యాక మెంబర్లమంతా మీటింగులకి వెళ్ళడం మానేశాం, అంతే. మినిట్స్ పుస్తకం ఇళ్ళకే తెప్పించుకుని, అరుగుల మీద కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళం. వెళితే వీధిలో పెద్దలు ఏమంటారోనని నా భయం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఒకసారి పుస్తకం పట్టుకుని మాస్టారే వచ్చారు. మా నాన్న ఎదురుగానే ఉన్నాడు, మాస్టార్ని కూర్చోమని కూడా నేను అనలేదు. పెన్ను తీసేసరికి ఆయన పుస్తకం మూసేశారు.

"ఆఫీసులో పెడుదురుగాని లెండి. అన్యాయం అన్నది తమరే కదండీ."

ఒరేయ్ అని పిలిచిన నోటితో తమరు అన్నారు. ఆ మాట నా చెవిలోంచి ఇప్పటికీ పోవడం లేదు. వచ్చే మీటింగుకి తప్పకుండా వస్తానని మాటిచ్చాను. వెళ్ళలేదు. అదే ఆయన ఆఖరి మీటింగు.

ఆయన మీద గుప్పెడు మట్టి వేసి, నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. మొన్న వేసిన పదకొండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. ఆయనే తడిగుడ్డతో తుడిచి వేసేవారట.

"టైమవగానే బళ్ళో పిలిచినట్టు పేర్లు పిలిచేవారండి" అన్నాడు అటెండరు. "ఎవరూ లేకపోయినా ఒక్కో పేరుకీ ఆగేవారండి. మీ పేరు దగ్గర ఇంకాస్సేపు ఆగేవారండి."

పుస్తకం తెరిచాను. ఆయన చేతిరాతలో నా పేరు, పక్కన ఖాళీ. సంతకం పెట్టకుండానే మూసేశాను.

నిన్న మళ్ళీ మీటింగు. కుర్చీలు నేనే తుడిచి వేశాను. మిగతా పదిమందీ రాలేదు. పేరు పిలిచేవారూ లేరు. అయినా ఆయన ఆగేవారన్న ఆ కాస్సేపూ ఆగాను. తరవాత లేచి నిలబడి, "ప్రెజెంట్ సార్" అన్నాను.