మా హాల్లో గొర్రెల మంద

హాల్లో గొర్రెల మంద ఎందుకు నిలబడి ఉందో ఇంటి ఓనరుకు వివరించాల్సిన అవసరం మీకెప్పుడైనా వచ్చిందా? రాకపోతే మీరు అదృష్టవంతులు, హాయిగా కూర్చుని చదవండి. వచ్చి ఉంటే మాత్రం ఆ రోజు మీరేం చెప్పారో నాకు దయచేసి తెలియజేయండి. నేను చెప్పింది మాత్రం ఏమంత బాగా కుదరలేదు.

అప్పటికి మేం సిద్దిపేటకు కొత్త. నేను సైన్సు టీచర్ని, మా ఆయన శ్రీనివాస్‌ది సెల్‌ఫోన్ల దుకాణం. నాకు చిన్నప్పటి నుంచి పెరడంటే పిచ్చి. కానీ కిరాయి ఇళ్ల ఓనర్లు కుండీ కనిపిస్తే చాలు, గోడలకు చెమ్మ పడుతుందని మొహం మాడ్చుకునేవాళ్లు. వెతగ్గా వెతగ్గా రాజవ్వ ఇల్లు దొరికింది. ముందు వాటా ఆమెది, వెనుక వాటా మాది. వెనుక తలుపు తీస్తే మట్టి. నిజమైన మట్టి.

తాళం చెవి చేతిలో పెడుతూ రాజవ్వ ఒకే ఒక్క మాట చెప్పింది. "పెరట్ల ఏమన్న పెట్టుకో బిడ్డా, నాకేం లేదు. ఇంట్ల మాత్రం కొత్త టైల్సు ఏయించిన. ఉగాది దాక సూస్త. ఇల్లు మంచిగ ఉంచుకుంటె ఉంటరు, లేకుంటె ఖాళీ చేస్తరు."

ఆ ఇల్లు పోతే ఊళ్లో నాకు మళ్లీ పిడికెడు మట్టి దొరకదు. అందుకని ఆ టైల్సును పూటపూటకూ తుడిచేదాన్ని. మా ఆయన చెప్పులు వీధిలోనే వదిలి, కాళ్లు కడుక్కుని, నా మొహం ఒకసారి చూసి లోపలికి వచ్చేవాడు.

ఇక పెరడు సంగతి. చలి తగ్గుముఖం పట్టగానే మొదలుపెట్టాను. ఆ ఏడు వాతావరణానికి మతి లేదు. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం కూలరు, సాయంత్రం గొడుగు. మొదట వేసిన పాలకూర మొలకెత్తిన పాపానికి ఎండకు మాడిపోయింది. తర్వాత మెంతులు చల్లితే కాలం కాని కాలంలో వాన వచ్చి, విత్తనాలను గోడ కింది తూములోంచి పక్కింటికి మోసుకుపోయింది. రెండు వారాల తర్వాత పక్కింటామె మెంతికూర పప్పు గిన్నెలో పెట్టుకుని వచ్చి, "మా మోరీ పక్కపొంటి దానంతట అదే మొలిచింది వదినా, తిని సూడుండ్రి" అంది. తిన్నాను. బాగుందని కూడా చెప్పాను.

తప్పు వాతావరణానిదని ఊరంతా అంటోంది. నేను సైన్సు టీచర్ని కదా, తప్పు మట్టిదని తేల్చాను. మట్టిలో బలం లేదు. బలం ఎలా వస్తుంది? మా ఊరు మిరుదొడ్డిలో మా నాయిన విత్తనాలు వేసే ముందు చేనులో మంద పెట్టించేవాడు. గొర్రెలు రాత్రంతా చేనులో పడుకునేవి, వాటి పెంటికలే ఎరువు. ఆ తర్వాత పైరు చూడాలి, అంత పచ్చగా లేచేది. మా నాయినది ఎకరాల చేను, నా పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. ఈ చిన్న తేడా మాత్రం నా బుర్రకు తట్టలేదు.

కాలనీ వెనుక ఖాళీ ప్లాట్లలో కొమురయ్య గొర్రెలు మేపుతుండేవాడు. గోడ దగ్గరికి పిలిచాను.

"కొమురయ్యా, మా పెరట్ల ఒక్కరాత్రి మంద పెడతవా?"

అతను గోడ మీదుగా తొంగిచూశాడు. "పెరడు యాడుంది మేడం?"

"గిదే."

"గిదా? నేను బాత్రూం కోసం ఇడిసిన జాగ అనుకున్న."

"సగం మంద తెచ్చినా సాలు."

"సగం ఎట్లొస్తది మేడం? ఒకటి యాడికి వోతె అన్నీ గాడికే వోతయి."

బియ్యం ఇస్తానన్నాను, అన్నం పెడతానన్నాను. నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. రాజవ్వ హుస్నాబాద్‌లో బిడ్డ ఇంటికి పోయింది, మర్నాడు గానీ రాదు. అంతకంటే మంచి ముహూర్తం నాకు కనిపించలేదు.

పొద్దుగూకే వేళకు మంద పెరట్లో దిగింది. దిగింది అనడం కంటే కూరుకుంది అనాలి. అప్పుడే మా ఆయన ఇంటికొచ్చి వెనుక తలుపు తీసి చూసి, మెల్లగా మూశాడు.

"సునీతా, మన పెరట్ల గొర్లున్నయి."

"ఉన్నయి."

"మనయా?"

"కాదు. ఎరువు కోసం. పొద్దున్నే వోతయి."

"మొగులు వట్టింది, సూసినవా?"

"ఫోన్ల ఎండ అనే ఉన్నది."

"ఫోన్లు అమ్మెటోణ్ని నేను. నా మాట ఇను, దాన్ని నమ్మకు."

అతని మాట పూర్తి కాకముందే వెనుక చూరు రేకుల మీద టప్‌మని ఏదో పడింది. మరొకటి. ఆ తర్వాత లెక్కే లేదు. రాళ్లవాన. నిమ్మకాయలంత రాళ్లు.

కొమురయ్య తన గొంగడి తీసి గొర్రెపిల్లల మీద కప్పాడు. అది రెండింటికో మూడింటికో సరిపోయింది. మిగతా పిల్లలు తల్లుల కడుపుల కింద దూరి అరుస్తున్నాయి. "మొన్ననే ఈనిన పిల్లలు మేడం. తలకాయ మీద రాయి వడితె బతకయి" అన్నాడు. నా పిచ్చి లేకపోతే ఆ పసికూనలు ఈపాటికి అతని కొట్టంలో వెచ్చగా ఉండేవి. టైల్సు గుర్తొచ్చాయి, రాజవ్వ గుర్తొచ్చింది, ఉగాది గుర్తొచ్చింది. తలుపు తీశాను.

"పిల్లలను లోపల్కి అందియ్యి" అన్నాను.

కొమురయ్య ఒక్కో పిల్లను అందించాడు, మా ఆయన అందుకున్నాడు. పిల్లలు లోపలికి పోతే తల్లులు ఊరుకుంటాయా? వచ్చాయి. తల్లులు వస్తే వాటి అక్కచెల్లెళ్లు ఆగుతాయా? అవీ వచ్చాయి. చివరికి కొమ్ముల పొట్టేలు పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా వచ్చి టీవీ ముందు నిలబడింది. మా ఆయన సోఫా ఎక్కి, ఇద్దరు కవలల్ని ఎత్తుకున్న కొత్త తండ్రిలా చెరో చంకలో ఒక పిల్లతో నిల్చున్నాడు. మనీప్లాంటు తీగ ఎవరో నమిలేశారు. గొర్రెలు భయపడితే ఏం చేస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. నేను ఏ ఎరువు కోసం ఇంత చేశానో అదంతా కొత్త టైల్సు మీద పడింది. పెరట్లో మాత్రం మచ్చుకు ఒక్క పెంటిక లేదు.

సరిగ్గా అప్పుడు మా హాలు ముందు తలుపు చప్పుడైంది. మొగులు చూసి రాజవ్వ ఒక రోజు ముందే బస్సెక్కిందట, గొర్రెల అరుపులు విని నేరుగా మా వాటాకే వచ్చింది. తలుపు తోసి, తల మీది సంచి దించి, హాలంతా కలియజూసింది. గొర్రెలు కూడా ఆమెను చూశాయి.

"ఏంది బిడ్డా ఇది?"

"మంద, అవ్వా."

"గది కనవడుతుంది."

"పెరటి కోసం తెప్పిచ్చిన."

"పెరడు గాడుంది కద."

రాజవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి, గొర్రెల మధ్య నుంచి సోఫా దాకా నడిచింది. మా ఆయన చంకలోంచి ఒక పిల్లను లాక్కుంది. "గట్ల వడుతరా? దానికి దమ్ము ఆడతలేదు" అంటూ కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "బిడ్డా, గా దుప్పటి తే. కొమురయ్యా, నువ్వు బయట ఏం చేస్తున్నవ్, తల పలిగినంక వస్తవా?"

వాన వెలిసింది. ఒక్క పిల్లకు కూడా ఏం కాలేదు. కొమురయ్య అందరికీ దండం పెట్టి మందను కొట్టానికి తోలుకుపోయాడు. ఖాళీ హాల్లో మేం ముగ్గురం మిగిలాం. ఆమె చెప్పేలోగా నేనే చెప్పేశాను.

"అవ్వా, ఉగాదికి ఖాళీ చేస్తం."

"ఖాళీ సంగతి తర్వాత. గా పెంటికలు కడిగి మోరీల పొయ్యకు. ఊడిసి గంపకెత్తు. సగం నీ పెరటికి, సగం నా మల్లెచెట్టుకు."

"నీకు కోపం రాలేదా అవ్వా?"

"అచ్చింది. ఎందుకు రాదు? కాని, పిల్లలను రాళ్లవానల ఇడిసిపెట్టి నా టైల్సు కాపాడితివంటె, గిప్పుడే ఖాళీ చేయిస్తుంటి."

నేను చీపురు పట్టుకుని ఏడ్చాను. అది చూసి మా ఆయన గంప తెచ్చాడు. అంత మంచి మనిషి నీడన చేరినందుకు ఆ రోజు ఎంత సంతోషపడ్డానో ఈ రోజుకీ అంతే సంతోషంగా ఉంది. ఉగాదులు ఎన్నో పోయాయి, మేం ఇంకా ఆ వెనుక వాటాలోనే ఉన్నాం. ఆ వేసవి మా పెరట్లో బెండ, బీర, తోటకూర ఎంత కాశాయంటే రాజవ్వకు, కొమురయ్యకు పంపి, పక్కింటామె పప్పు గిన్నెను కూడా మొదటిసారి నింపి తిరిగిచ్చాను.

మరుసటి ఏడు మాఘం రాగానే రాజవ్వ ఎదుట నిలబడి, నా బీఎడ్ సర్టిఫికెట్ మీద ఒట్టేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో నేను ఇంకే మందనూ పిలవను, నా కారణంగా ఏ గొర్రే ఈ ఇంటి గడప తొక్కదు.

రాజవ్వ శ్రద్ధగా విని తలూపింది.

"మంచిది బిడ్డా. నువ్వు పిలువకు. కొమురయ్యను నేను పిలిచిన, ఐతారం మందతోని వస్తడు. గీసారి ముందుగాల్నే టైల్సు మీద గోనెసంచులు పరుద్దాం."