ఎలుకల గదిలో అడిగిన మాట

కర్నూలులో ఫార్మసీ పీహెచ్‌డీ చేసేటప్పుడు నా పని ఎలుకలతో. రోజూ పొద్దున వాటిని కదలడానికి వీల్లేని ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, కొన్ని గంటల తర్వాత వదిలేదాన్ని. అట్లా మూడు వారాలు చేస్తే, ఆ ఒత్తిడికి మెదడులో జ్ఞాపకాలు నిలిచే చోట కణాలు చెడిపోతాయి. సగం ఎలుకలకు మాత్రం గొట్టంలో పెట్టే ముందే ఒక పెప్టైడ్ సూది వేసేదాన్ని. పెప్టైడ్ అంటే చిన్న ప్రోటీన్ తునక. అది మెదడును కాపాడుతుందేమో చూడాలి.

అక్కడ ఎలుకలను చూసుకునే అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనది బండల గనులుండే బేతంచెర్ల. ఊర్లో బండలు పాలిష్ పట్టే పనిలో దుమ్ముకు ఊపిరి ఆడక, ఆ పని మాని ఇక్కడ చేరినాడు.

ఒకరోజు సిరంజి నింపుతుంటే అడిగినాడు. "అమ్మా, ఇది మనుషులకు ఇయ్యచ్చునా?"

"ఎందుకన్నా?"

"మా ఇంటామెకు." రెండేండ్ల కింద గనిలో బండ జారి వాళ్ల పెద్దకొడుకు చనిపోయినాడంట. "అప్పట్నుంచి నిద్ర లేదు. పొయ్యి మీద ఏం పెట్టిందో మర్చిపోతాండాది. చర్చికి గూడా రాదు. నువ్వు ఈ ఎలుకల గురించి చెప్తాంటే మా ఆమె గురించి చెప్పినట్టే ఉండాది."

"మనుషులకు ఇస్తే ఏమైతాదో మాకే తెలీదన్నా. నేను ఇయ్యలేను."

తల ఊపి గొట్టాలు కడగడానికి పోయినాడు. మళ్లీ అడగలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మూడు వారాలయినాక ఎలుకలకు మత్తిచ్చి చంపి, మెదళ్లు తీసినాం. ఆ రోజు ఆయన సెలవు పెట్టినాడు. మైక్రోస్కోపులో చూస్తే, మందు పడనివాటి కణాలు ముడుచుకుపోయి నల్లబడినాయి. మందు పడినవాటిలో చాలావరకు నిండుగా, వరసగా ఉన్నాయి. సంతోషం పట్టలేక మరుసటి రోజు ఆయన్ను పిలిచి రెండూ చూపించినాను. నల్లబడినవాటినే శానాసేపు చూసినాడు.

"ఇట్లయినవి మళ్లీ మామూలు అయితాయా అమ్మా?"

నేను మందు ముందుగానే ఇచ్చినాను. చెడిపోయినాక ఇచ్చి చూడలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. తర్వాత థీసిస్‌లో ఆ సంగతి ఒప్పుకుంటూ ఒక వాక్యం రాసినాను. అక్కర్లేదని మా గైడు అన్నా తీయలేదు.

"తెలీదన్నా," అన్నాను. "అయితే ఆమెలాంటోళ్లను చూసే డాక్టర్లు ఉండారు. రేపు పిల్చుకొని రా."

"పిచ్చి డాక్టరా?"

"నిద్ర పట్టనోళ్లంతా పోతారన్నా. నేనూ వస్తా."

పెద్దాసుపత్రిలో ఆమె మా ఇద్దరి మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. లోపల డాక్టరమ్మ, "పిల్లలెంతమంది?" అని మామూలుగా అడిగింది.

"ముగ్గురు," అంది. మొగుడి ముఖం చూసింది. "ఇద్దరు," అని తనే దిద్దుకుంది. ఆ మాటతోనే ఏడుపు పొంగుకొచ్చింది. డాక్టరమ్మ ఆపలేదు. ఆ రెండేండ్లలో ఆమె ఏడవడం అదే మొదలని ఆయన బయటికొచ్చినాక చెప్పినాడు.

మాత్రలు చాలా నెలలు వాడింది. నిద్ర కొంచెం కొంచెంగా వచ్చింది. పొయ్యి మీద పాలు ఇప్పటికీ మర్చిపోతుందంట. ఆదివారం మాత్రం ఆయనతో కలిసి చర్చికి పోతాంది.