కంటికి కనిపించని వెలుగు

నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఇంజినీరుని. ఇంటర్నెట్ కేబుళ్ల చివర బిగించే చిన్న పరికరాల్లోని లేజర్లను సరిచేయడం మా పని. వేడెక్కితే లేజర్ వెలుగు తగ్గుతుంది. ఎంత వేడికి ఎంత కరెంటు పెంచాలో కొలిచి పరికరంలో నమోదు చేస్తాం. ఆ వెలుగు కంటికి కనిపించదు, కానీ కంటిని దెబ్బతీయగలదు.

నిరుడు ఒక మధ్యాహ్నం లేజర్ వెలుగును కొలిచే మీటరులో కొలత ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. తలెత్తి చూస్తే, కోలారు నుంచి వచ్చిన మా టెక్నీషియన్ నాగరాజు ఆ వెలుగును మోసే ఫైబర్ తీగను మీటరు నుంచి ఊడదీసి, దాని కొసలోకి కుడికన్ను పెట్టి చూస్తున్నాడు. వెంటనే స్విచ్ ఆపేశాను.

“లైటే కనపడ్లేదు కదక్కా. ఆఫ్ అయి ఉండాది అనుకుంటిని,” అన్నాడు.

అప్పటికి కరెంటు బాగా పెంచి ఉంది. క్యాబ్‌లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు అతని కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టింది. కాసేపటికి ఫోన్ చూసుకుంటున్న నాగరాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“అక్కా, అక్షరాలు కనపడ్లేదు. రెండు కండ్లూ పోయినట్టుండాయి.”

ఫైబర్‌లోకి చూసింది ఒక్క కన్నే కదా అని కూడా నాకు తోచలేదు. నర్సును కేకేశాను.

“చుక్కలేస్తే అట్లే ఉంటుందమ్మా, సాయంత్రానికి సరైపోతుంది,” అందామె నిదానంగా.

డాక్టరు పరీక్షించి, కంటికేమీ కాలేదన్నారు. తిరుగుదారిలో నాగరాజు క్యాబ్‌లోనే నిద్రపోయాడు. నా చేతులు వణకడం అప్పుడు మొదలైంది. భయపడే తీరిక నాకు అప్పటిదాకా దొరకలేదనుకుంటాను.