మనసు మాస్టారి సాక్ష్యం

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్ కోర్సుల బోర్డులు బందరు గోడలన్నిటినీ ఇంకా ఆక్రమించుకోకముందు, ఎం.ఏ. ఫిలాసఫీ చదివినవాడికి కూడా ఎక్కడో ఒకచోట ఉద్యోగం రాసిపెట్టి ఉంటుందని నమ్మే అమాయకులు ఉండేవారు. వాళ్లలో నేనొకణ్ణి. మిగతావాళ్లెవరో నాకింతవరకూ తారసపడలేదు. మనసంటే ఏమిటి, మెదడూ అదీ ఒకటేనా, ఎదుటివాడికి మనసుందని మనకెలా తెలుస్తుంది అనే ప్రశ్నల మీద యూనివర్సిటీలో నాలుగు పుస్తకాలు చదివి, ఆ చివరి ప్రశ్న మీదే పీహెచ్‌డీకి రిజిస్టరయ్యి, బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. నేను చదివేదాన్ని కాగ్నిటివ్ సైన్స్ అంటారని చెబితే (కోర్టులున్న ఊరు కదా) మా వీధిలోని ప్లీడరు గుమాస్తా దాన్ని కాగ్నిజబుల్ నేరమని విని, "బెయిలొచ్చిందాండీ?" అని జాలిగా అడిగాడు. పిల్లలు నాకు మనసు మాస్టారని పేరు పెట్టారు. పోస్టు మాత్రం టెంపరరీ. "వచ్చే జూన్లో పర్మినెంట్ చేసేద్దాం మాస్టారూ" అని కరస్పాండెంట్ గారు, అంటే ఆ కాలేజీ నడిపే పెద్దమనిషి, ప్రతి వేసవిలోనూ అనేవారు. నేను ప్రతి వేసవిలోనూ నమ్మేవాణ్ణి.

క్లాసులో నా పాఠం వినేవాడు ఒక్కడే ఉండేవాడు. కోడూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడు. మిగతావాళ్లు కిటికీలోంచి రోడ్డు చూసేవారు, లేదా నిద్రపోయేవారు. ఒకరోజు నేను మంచి ఊపులో ఉండి, "పక్కవాడు కడుపు నొప్పంటాడు, మెలికలు తిరుగుతాడు. మనకి కనిపించేది ఆ మెలికలే. నొప్పి కనిపించదు. మరి నొప్పుందని ఎలా చెబుతాం?" అన్నాను. ఆ కుర్రాడు లేచి, "అయితే మీకు మనసుందని మాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం పట్టరాని సంతోషమేసింది. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "ఆ సంగతి నన్నడగమనండి, చెప్తాను" అంది. ఆ కుర్రాడు డిగ్రీ పూర్తిచేసి లా చదవడానికి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన బ్యాచీల్లో అలాంటి ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇలా కొన్నేళ్లు గడిచాక ఒక ఆదివారం కరస్పాండెంట్ గారు కారు పంపించారు. దివిసీమలో ఆయన మేనమామ రొయ్యల చెరువులన్నీ మేనల్లుడి పేర వీలునామా రాస్తున్నాడు, సాక్షి సంతకానికి నేను కావాలి. "పెద్దాయనకి బుద్ధి స్థిరంగా లేదని రేపు ఆయన తమ్ముడి కొడుకులు గొడవ చేస్తారు. మీరు మనసు మీదే డాక్టరేట్ చేస్తున్నారు కదండీ. మీ సంతకం ఉంటే ఇంక నోరెత్తరు" అన్నారు. నేను చదివేది మతిభ్రమణాల గురించి కాదండీ అని రెండుసార్లు చెప్పాను. "అదేలెండి" అన్నారు రెండుసార్లూ. పడక్కుర్చీలో కూర్చున్న పెద్దాయన నన్ను పరీక్షగా చూసి, "ఈయనెవర్రా?" అన్నాడు. "మనసు మీద పరిశోధన చేస్తున్నారు మావయ్యా." "మనసుకేమైంది?" అన్నాడాయన. తర్వాత నావైపు తిరిగి, "రొయ్యకి మనసుంటదా మాస్టారూ?" అని అడిగాడు. దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయని చెప్పాను. "ఉండదు లెండి. ఉంటే మా వాడి చెరువులో బతకదు" అని, మేనల్లుడి ఎదురుగానే నవ్వి, సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు కారులో కరస్పాండెంట్ గారు, "ఈ జూన్ దాటదు మాస్టారూ" అన్నారు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా సొంత గది, పుస్తకాల బీరువా లాంటి పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం.

పెద్దాయన పోయాడు. తమ్ముడి కొడుకులు నోరెత్తారు. కేసు అవనిగడ్డ కోర్టులో విచారణకొచ్చింది. కారులో ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని, చల్లపల్లి దాటేదాకా కరస్పాండెంట్ గారు ఒకటే మాట చెప్పారు. "బుద్ధి బాగుందా అంటే బాగుందండి అనండి. అంతే. ఇంకో ముక్క వద్దు." నేను తలూపాను. బోనెక్కాను. మా ప్లీడరు అడిగితే, బుద్ధి బాగుందండి అన్నాను. అంతా సవ్యంగా జరిగిపోయేదే. అవతలి పక్షం నుంచి క్రాస్ చెయ్యడానికి నల్లకోటు సర్దుకుంటూ లేచింది ఆ కోడూరు కుర్రాడు.

"పెద్దాయన బుద్ధి బాగుందని మీకెలా తెలిసిందండీ?"

"మాట్లాడారు. నవ్వారు. సంతకం పెట్టారు."

"అవన్నీ పైకి కనిపించేవి కదండీ. వాటినిబట్టి లోపలి మనసు ఎలా ఉందో నిశ్చయంగా చెప్పొచ్చా మాస్టారూ?"

చెప్పొచ్చు అంటే సరిపోయేది. రొయ్యల మాట చెప్పినా సరిపోయేది, ఆ మాటన్నవాడికి బుద్ధి లేదని ఏ జడ్జీ అనడు. నేనేమన్నానో తెలుసా? "చాలా మంచి ప్రశ్న" అన్నాను. అని, ఆ ప్రశ్న ఎక్కడ మొదలైందో, దానికి ఎవరెవరు ఏ సమాధానం చెప్పారో, ఆ సమాధానాల్లో లొసుగులేమిటో వరసగా చెప్పుకుపోయాను. (చేతికి సుద్దముక్క దొరకలేదు గానీ, దొరికితే బోను చెక్క మీద బొమ్మ వేసేవాణ్ణే.) జడ్జి గారు ఓపికగా విని, "ఇంతకీ పెద్దాయన మనసు బాగున్నట్టా, లేనట్టా?" అన్నారు. "ఆ మాటకొస్తే తమరికి మనసుందని కూడా నేను రుజువు చెయ్యలేనండీ" అన్నాను. హాలంతా నవ్వింది. "అది పైకోర్టు వాళ్లు చూసుకుంటారు, మీరు దిగండి" అని, ఆయన టైపిస్టు వైపు తిరిగి నా ఉపన్యాసమంతటినీ ఒక్క వాక్యంలో చెప్పి రాయించారు: సాక్షి నిశ్చయంగా చెప్పలేనన్నాడు. మా గైడు కూడా నా థీసిస్‌ని ఎన్నడూ అంత బాగా కుదించలేదు.

బయట కరస్పాండెంట్ గారు కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. "బాగుందన్నారు కదా. అక్కడ ఆగాల్సింది" అన్నారు. తర్వాత, "మీరు బస్సులో రండి. కారులో చోటు లేదు" అన్నారు. ముందు సీటు ఖాళీగానే కనిపిస్తోంది. బస్టాండులో నా పూర్వ విద్యార్థి వెతుక్కుంటూ వచ్చి దణ్ణం పెట్టాడు. "ఏమనుకోకండి మాస్టారూ. మీ పాఠమే గుర్తొచ్చి అడిగాను" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. కోపం వచ్చింది తర్వాతే. కరస్పాండెంట్ గారూ, పెద్దాయన తమ్ముడి కొడుకులూ రాజీ పడి చెరువులు పంచుకున్నారు, ఒకరింట్లో ఒకరు భోజనాలు చేశారు, ఆ రాజీలో భాగంగా తమ్ముడి కోడలికి మా కాలేజీలో కామర్స్ పోస్టు ఇచ్చారు. ఆ పోస్టు కోసం ఫిలాసఫీ ఎత్తేశారు. అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆస్తి తగాదా వాళ్లది, నష్టం నాది. థీసిస్ మూడో అధ్యాయంలో ఆగిపోయింది. గుడివాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంసెట్ పిల్లలకి జ్ఞాపకశక్తి క్లాసులు చెప్పి రిటైరయ్యాను. కళ్లు మూసుకోండి, ఊపిరి పీల్చండి, ర్యాంకుని ఊహించుకోండి. మనసు గురించి ఆ తర్వాత నాకు జీతమిచ్చి చెప్పించింది అదొక్కటే.

"అవునని ఊరుకుంటే ఇవాళ పెన్షనొచ్చేది" అంటుంది మా ఆవిడ. నిజమే, కాదనను. కానీ ఆ బోనులో నిలబడ్డ మనిషిని తలుచుకుంటే మాత్రం తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తుంది. ఎదురుగా ఉన్నది జడ్జి అనీ, అడుగుతున్నది అవతలి ప్లీడరనీ, పోయేది తన ఉద్యోగమేననీ ఆ క్షణాన వాడికి గుర్తులేదు. ఇన్నేళ్లకి ఎవరో పాఠం వింటున్నారని పిచ్చివాడు మురిసిపోయాడు.