పీటల మీద ఎవరు?

బుల్లబ్బాయిగారు ఏ కథా పూర్తిగా చెప్పరు. రాజమండ్రిలో మా స్కానింగ్ సెంటర్లో ఆయన సీటీ టెక్నీషియన్, నేను రిపోర్టులు టైపు చేస్తాను. ఏడేళ్లలో ఆయన కథలు ఏ నూటయాభయ్యో విని ఉంటాను. ఒక్కదాని ముగింపు కూడా నాకు తెలియదు.

"మా మావయ్య పెళ్లండి. తాళి కట్టబోతుంటే కరెంటు పోయింది. వచ్చేసరికి పీటల మీద..."

"పీటల మీద?"

ఆయన గోడ గడియారం వంక చూస్తారు. కాసేపటికి "పేషెంటొచ్చారండి" అని లేచిపోతారు. టీగ్లాసు ఆయన మీదకి విసరాలనిపించేది. ఆ పెళ్లి కోసం ఓసారి వేడి పకోడీలు లంచం పెట్టాను. పకోడీలు తిన్నారు, గడియారం చూశారు, వెళ్లిపోయారు.

ఓ రోజు మండపేట నుంచి అచ్చాయమ్మగారు వచ్చారు. ముప్ఫై ఏళ్లు రైస్ మిల్లు దుమ్ములో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడుతున్నాయని డాక్టరుగారి అనుమానం. ఆ మచ్చలు ఎంతవరకు పాకాయో స్కాన్‌లో స్పష్టంగా కనబడితేనే మందు మొదలుపెడతారు. దానికి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. "బిగబట్టండి" అనగానే ఆవిడకి భయంతో దగ్గు. రెండుసార్లు బొమ్మ అలికేసినట్టు వచ్చింది. ఇది మూడోసారి.

"నావల్ల కాదండి, ఇంటికి పోతాను" అన్నారావిడ లోపలి నుంచి.

"ఒక్క కథ విని పోదురుగాని" అన్నారు బుల్లబ్బాయిగారు మైకులో. "మా మావయ్య పెళ్లండి. తాళి కట్టబోతుంటే కరెంటు పోయింది. అందరూ గట్టిగా గాలి పీల్చారు, మీరూ పీల్చండి. కరెంటొచ్చేసరికి పీటల మీద..."

ఆగిపోయారు. మిషన్ తిరిగింది. అచ్చాయమ్మగారు కదల్లేదు, దగ్గలేదు. నేనూ ఊపిరి బిగబట్టానని తెర మీద బొమ్మ వచ్చాకే తెలిసింది. మచ్చలు జల్లెడ కన్నాల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఏడేళ్లుగా ఆయన గడియారంలో ఏం చూస్తున్నారో అప్పుడర్థమైంది. ఏ కథకి మేం ఎన్ని సెకన్లు ఊపిరి ఆపుతామో చూసుకుంటున్నారు. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

"పీటల మీద ఎవరండి?" అన్నారావిడ బయటికొస్తూనే.

"మందు పనిచేస్తోందో లేదో ఆర్నెల్లకి మళ్లీ స్కాన్ తీయాలి కదండి. అప్పుడు చెప్తాను."

ఆర్నెల్లకి ఆవిడ ఒకరోజు ముందే దిగారు. మచ్చలు పెరగలేదని నేనే రిపోర్టు టైపు చేశాను. బుల్లబ్బాయిగారు ఆవిడ చెవిలో ఏదో చెప్పారు. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చినా ఆవిడ నవ్వు ఆపలేదు.

"నాకూ చెప్పండి" అన్నాను.

"మీ ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కదండి, మీకెందుకు" అని గడియారం వంక చూశారు.